సంక్రాంతి సెలవుల తర్వాత తొలి రెండు వారాలు: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఆచరణ మార్గం

కనుమనాడు రంగుల కొమ్ముల ఎద్దు వెంట ఊరంతా పరుగెత్తిన పిల్లవాడు, నాలుగు రోజులు తిరక్కుండానే తరగతి గదిలో కూర్చుని 52లోంచి 27 తీసివేయాలి. వాడి మనసు ఇంకా బడికి చేరలేదని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. అయినా తొలిరోజే పాఠ్యపుస్తకం తెరిపించి, సెలవులకు ముందు ఆపిన పేజీ నుంచి ముందుకు నడిపించాలనే తొందర మనలో చాలామందికి ఉంటుంది. ఏప్రిల్ చివరికల్లా సంవత్సరం ముగుస్తుంది కనుక ఆ తొందరకు కారణం లేకపోలేదు. కానీ చిత్తూరు, తిరుపతి జిల్లాల బడులలో పనిచేసిన అనుభవంతో నేను చెప్పగలిగినది వేరు. సెలవుల తర్వాతి మొదటి వారాన్ని కొత్త పాఠానికి ఇస్తే, ఆ పాఠాన్ని ఫిబ్రవరిలో మళ్లీ చెప్పవలసి వస్తుంది. ఆ వారాన్ని పిల్లలలో ఏది నిలిచింది, ఏది జారింది, ఏది అసలు చేరనే లేదు అని తెలుసుకోవడానికి వాడుకుంటే, మిగిలిన మూడు నెలల పని తేలికవుతుంది.

మరపు గురించి మొదట ఒక మాట. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను తానే వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరపు మొదట్లో చాలా వేగంగా జరిగి తర్వాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. మనకు అంతకంటే పనికివచ్చే రెండో సంగతి కూడా ఆయన గమనించాడు: పూర్తిగా మరిచిపోయామనుకున్న దానిని కూడా రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి కంటే తక్కువ సమయం పడుతుంది. అంటే సెలవులలో మరిచిన ఎక్కాన్ని పిల్లవాడు మళ్లీ పట్టుకోవడానికి నెలలు అక్కరలేదు, రోజులు చాలు. రోజులు గడిచినా పట్టుకోలేకపోతే అది మరపు కాదు. ఆ విషయం వాడికి మొదటినుంచీ రానేలేదు. మరిచిన పిల్లవాడినీ, రాని పిల్లవాడినీ వేరుచేసి చూడటమే ఈ రెండు వారాల అసలు పని.

ఏది ముందుగా జారుతుందో కూడా కొంత తెలుసు. వేసవి సెలవుల ప్రభావంపై అంతవరకు జరిగిన పరిశోధనలను హారిస్ కూపర్, ఆయన సహచరులు 1996లో క్రోడీకరించినప్పుడు, లెక్కలు చేసే నైపుణ్యం, స్పెల్లింగ్ మిగిలినవాటికంటే ఎక్కువగా దెబ్బతింటున్నట్టు కనిపించింది. అవి సుదీర్ఘమైన వేసవి సెలవులు కనుక ఆ కొలతను మన పది రోజుల సంక్రాంతికి అతికించకూడదు. అయితే క్రమం మాత్రం మన తరగతులలోనూ అదే. పిల్లలు కథను మరవరు, పద్యాన్ని కూడా అంత తొందరగా మరవరు. అప్పు తెచ్చుకునే తీసివేతను, ఒత్తులను మరుస్తారు.

బడి తెరవడానికి ముందురోజు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పది రోజులు నిలిచిన నీటి ట్యాంకును ఖాళీ చేసి కడిగించాలి, మరుగుదొడ్లు శుభ్రం చేయించాలి, మధ్యాహ్న భోజనానికి నిల్వ ఉన్న బియ్యంలో, పప్పులో పురుగు చేరిందేమో వంటచేసేవారితో కలిసి చూసుకోవాలి. పండుగ పిండివంటలు తిని కడుపు పాడుచేసుకున్న పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. వారికి శుభ్రమైన నీరే మొదటి అవసరం. గోడలమీది పాత చార్టులలో ఒకదాన్ని తీసేసి ఖాళీ స్థలం ఉంచండి. తొలిరోజు పిల్లలు చెప్పే మాటలకు ఆ చోటు కావాలి.

తొలిరోజు: పండుగను పలకమీదికి తేవడం

తొలిరోజు తరగతి నిండుగా ఉండదు. బెంగళూరులో కూలిపనికి ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లినవాడు, వేలూరు వైపు అమ్మమ్మ ఇంటికి వెళ్లిన పిల్ల, చెరకు నరకడానికి తల్లిదండ్రులతో వెళ్లినవాడు ఇంకా రాలేదు. రానివారి ఇళ్లకు ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి ఎప్పుడు వస్తారో కనుక్కోవాలి; ‘ఎందుకు రాలేదు’ అని నిలదీయడంకంటే ‘మీ పాప కోసం చూస్తున్నాం’ అనే మాటకు ఫలితం ఎక్కువ. సగం మంది లేని తరగతిలో కొత్త పాఠం మొదలుపెట్టడం ఎలాగూ దండగ పని. ఇక సెలవులలో చేసుకురమ్మన్న ఇంటిపని చేయనివారిని ఆ రోజు నిలబెట్టి అడగకండి. శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందన్నది ఒక కారణం. తొలిరోజు తిట్లు తిన్న పిల్లవాడు రెండోరోజు కడుపునొప్పి అంటాడన్నది రెండో కారణం.

ఆ రోజు పని మాట్లాడించడం. ‘సెలవులలో ఏం చేశారు’ అని అడిగితే మాత్రం తరగతి మొత్తం ‘ఆడుకున్నాం సార్’ అని ఒక్క గొంతుతో పలికి ఊరుకుంటుంది. ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి. మీ ఇంట్లో భోగిమంటలో ఏం వేశారు? అత్తిరసాల పాకం ఎవరు పట్టారు? మీ ఎద్దు కొమ్ములకు ఏ రంగు పూశారు? ఉప్పుచెక్క తినిపిస్తే ఆవు ఏం చేసింది? పశువుల పండుగనాడు కాల్చే చిట్లాకుప్ప ఎంత ఎత్తు వేశారు? చంద్రగిరి మండలం రంగంపేటలో పశువుల పండుగ చూసి వచ్చిన పిల్లవాడు ఉంటే, ఎద్దు కొమ్ములకు కట్టిన పలకను లాగడానికి యువకులు ఎలా ఎగబడ్డారో వాడు ఆపకుండా చెబుతాడు. ఏడాది పొడుగునా తరగతిలో నోరు విప్పని పిల్లవాడు ఇలాంటి రోజున గొంతు విప్పడం నేను చాలాసార్లు చూశాను.

పిల్లలు చెప్పిన మాటలను వారు పలికినట్టే నల్లబల్లమీద రాయండి. ‘అరిసెలు అనాలి, అత్తిరసాలు అనకూడదు’ అని దిద్దడం అనవసరం. ఆ పిల్లకు వంటింటి వాసనతో సహా తెలిసిన మాట అత్తిరసమే. అరిసె అన్న మాటను పాఠం వచ్చినప్పుడు దాని పక్కన చేర్చుకుంటుంది. సరిహద్దు మండలాలలో ఇది మరింత ముఖ్యం. నగరి, సత్యవేడు వైపు పిల్లలు సెలవులలో తమిళం మాట్లాడి, కుప్పం, పలమనేరు వైపు కొందరు కన్నడం మాట్లాడి వస్తారు. మొదటి రెండు మూడు రోజులు తెలుగు వాక్యం మధ్యలో ఆ మాటలు దొర్లితే అది వెనుకబాటు కాదు. ఆ మాటను కూడా తెలుగు లిపిలో బల్లమీద రాసి, ‘దీన్ని మనింట్లో ఏమంటాం’ అని మిగిలినవారిని అడిగితే ఒక పదానికి రెండు పదాలు దొరుకుతాయి.

ఇప్పుడు బల్లమీది పదాలను ఒకసారి చూడండి. అత్తిరసాలు, నిప్పట్లు, గొబ్బెమ్మ, ముగ్గు, గంగిరెద్దు, కొమ్ములు, ఎడ్లు, చిట్లాకుప్ప, సంక్రాంతి, లక్ష్మి. సెలవులలో ఎక్కువగా జారిపోయేవి ఒత్తులేనని అనుకున్నాం కదా. పండుగ మాటలన్నీ ఒత్తులతోనే నిండి ఉన్నాయి. త్త, ప్ప, బ్బ, మ్మ, గ్గ, ద్ద అన్న ద్విత్వాలు, ట్ల, డ్ల, క్ర అన్న సంయుక్తాలు, చివరికి మూడు హల్లులు కలిసిన క్ష్మ కూడా ఇక్కడే ఉంది. రెండో తరగతి పిల్లలతో ఒకే హల్లు తనకు తానే ఒత్తుగా వచ్చిన పదాలకు ఒక రంగు సుద్దతో, వేరే హల్లు ఒత్తుగా వచ్చిన పదాలకు మరో రంగు సుద్దతో గీత గీయిస్తే, నెలరోజుల అభ్యాసపుస్తకం చేయలేని పని అరగంటలో జరుగుతుంది. ఒకటో తరగతి పిల్లలను చేతివేళ్లు పట్టుసడలి ఉన్న ఈ తొలి రెండు రోజులు నోటుపుస్తకంలో రాయించకండి. పలకమీద, నేలమీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలుగా రాయనివ్వండి.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చెప్పిన వాటిలోంచి ఆరేడు వాక్యాలు ఎంచి ఒక చార్టుమీద పెద్ద అక్షరాలతో రాసి ఆ ఖాళీ గోడకు అంటించండి. మర్నాటి పఠన పాఠం అదే. మన పాఠ్యపుస్తకాలు చాలావరకు తెలుగు, ఇంగ్లిషు ఎదురెదురు పేజీలలో ఉండే ద్విభాషా పుస్తకాలు. వాటిలోని పాఠాలను చాలామంది పిల్లలు విని విని కంఠతా పట్టి, బొమ్మ చూసి గడగడా అప్పజెబుతారు. చదవడం వచ్చిందా, వల్లించడం వచ్చిందా అన్నది ఆ పుస్తకంతో తేలదు. నిన్న పుట్టి ఇవాళ గోడమీదికి వచ్చిన వాక్యాలను ఎవరూ కంఠతా పట్టి ఉండరు.

లెక్కలకు ముగ్గుకంటే మంచి ప్రవేశం లేదు. బడి ముందు నేలమీద ఏడు చుక్కల ముగ్గు పెట్టించండి. సందు చుక్కతో నాలుగు వరకు తగ్గిస్తే వరుసలు 4, 5, 6, 7, 6, 5, 4. ఎదురు చుక్కతో ఒకటి వరకు తగ్గిస్తే 1, 3, 5, 7, 5, 3, 1. ఒకటో తరగతి వాడు చుక్కలను వేలితో తాకుతూ లెక్కపెడతాడు. రెండో తరగతి పిల్ల వరుసవరుసగా కూడుతుంది. మూడో తరగతిలో ఎవరో ఒకరు పైభాగం, కింది భాగం ఒకటేనని గమనించి, ఒకవైపు కూడి రెట్టింపు చేసి నడిమి ఏడును కలిపితే సరిపోతుందని కనిపెడతారు. వారు కనిపెట్టేదాకా మీరు చెప్పకండి. మొదటి ముగ్గులో 37 చుక్కలు, రెండోదానిలో 25. ఐదో తరగతివారిని తొమ్మిది చుక్కల ముగ్గుకు ఎన్ని అవుతాయో గీయకుండా చెప్పమనండి. ఎదురు చుక్క ముగ్గులో బేసి సంఖ్యలే ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నను ఆ సాయంత్రం ఇంటికి పంపండి. ముగ్గు వేసే అమ్మకో, అవ్వకో ఆ జవాబు చేతికి తెలుసు. పిల్లకు దాన్ని మాటలలో పెట్టడం నేర్పాలి.

బస్సు ప్రయాణం మరో మంచి లెక్క. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు వంటి బస్సులలో ప్రయాణం ఉచితం కావడంతో మన పిల్లల టికెట్టు లెక్కలలోకి సున్న వచ్చి చేరింది. నాన్న టికెట్టు 60 రూపాయలనుకుందాం. తమ్ముడిది అర టికెట్టు. అమ్మకు, తొమ్మిదేళ్ల అక్కకు సున్న. నలుగురికీ కలిపి పోవడానికి ఎంత, రావడానికి ఎంత, ఉచితం లేకుంటే ఎంత అయ్యేది? ఒక వైపు 90, రానూపోనూ 180. ఉచితం లేకుంటే అమ్మకు పూర్తి టికెట్టు, అక్కకు అర టికెట్టు కలిసి ఒక వైపుకే 180. సున్నను కూడితే ఏమీ మారదన్న సంగతిని ఇంత సహజంగా చెప్పే ఉదాహరణ పుస్తకంలో దొరకదు.

మరిచినవాడా, రానివాడా

రెండో రోజు, మూడో రోజు ప్రతి పిల్లవాడితోనూ విడివిడిగా ఐదు నిమిషాలు కూర్చోవాలి. ముప్పైమంది ఉన్న తరగతికి రెండున్నర గంటలు; రెండు రోజులకు పంచుకుంటే పెద్ద భారం కాదు. మిగిలినవారు అప్పుడు గోడమీది వాక్యాలను చూసి బొమ్మలు గీయవచ్చు. రాతపరీక్ష దీనికి పనికిరాదు. తప్పు జవాబు ఎక్కడ పుట్టిందో కాగితం చెప్పదు, పక్కవాడి జవాబు ఏదో అంతకన్నా చెప్పదు.

2005 నుంచి ‘ప్రథమ్’ సంస్థ గ్రామీణ సర్వేలలో వాడుతున్న అసర్ పద్ధతిని ఇందుకు అనుసరించవచ్చు. చదవడంలో అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కలలో ఒక అంకె సంఖ్యను, రెండంకెల సంఖ్యను గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పేరాతో మొదలుపెట్టి, చదవగలిగితే కథకు ఎక్కించండి, తడబడితే పదాలకు, ఆపై అక్షరాలకు దించండి. కిందినుంచి మొదలుపెడితే బాగా చదివే పిల్లకు విసుగు పుడుతుంది.

తప్పు జవాబును కొట్టివేయకుండా దాన్ని చదవడం ఉపాధ్యాయుడు నేర్చుకోవాలి. 52 – 27కు ఒక పిల్లవాడు 35 అని రాశాడు. వాడు ఏడులోంచి రెండు తీసేశాడు. అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడమే తీసివేత అనుకుంటున్నాడు. స్థానవిలువ వాడికి చేరలేదు. ఇంకో పిల్లవాడు రెండు దగ్గర ఆగి, పెన్సిల్ కొరుకుతూ, ‘ఇక్కడ అప్పు తెచ్చుకోవాలి కదా సార్?’ అని అడిగాడు. వాడు మరిచాడంతే. ఇద్దరికీ మార్కు సున్నే. కానీ మొదటివాడికి పుల్లల కట్టలు విప్పి పదులు, ఒకట్లు చేతితో చూపించాలి. రెండోవాడికి తల ఊపితే చాలు. ‘యాభై మూడు’ రాయమంటే 503 అని రాసే పిల్లది కూడా మొదటి పిల్లవాడి కష్టమే. యాభై విని 50 రాసి, దాని పక్కనే మూడు పెట్టింది.

ఒక్క పరీక్షతోనే తీర్పు ఇవ్వకండి. తడబడిన చోట ఒకసారి మీరే చేసి చూపి, ఒక ఉదాహరణ వాడితో కలిసి చేసి వదిలేయండి. మర్నాడు అలాంటిదే మరొకటి ఇవ్వండి. మూడు రోజులాగి మరొకటి. మర్నాడూ, మూడు రోజుల తర్వాతా సొంతంగా చేసినవాడు మరిచినవాడు. మర్నాడు చేసి, మూడు రోజుల తర్వాత మళ్లీ తడబడినవాడు సగం నేర్చినవాడు. వాడికి ఇంకా సాధన కావాలి. మూడుసార్లూ చేయలేనివాడికి ఆ విషయం రాదు. ఒక చిన్న నోటుపుస్తకంలో పేరుకెదురుగా మొదటివారికి టిక్కు, రెండోవారికి చుక్క, మూడోవారికి సున్న చుట్టి, ఏ మెట్టు దగ్గర అన్నది రెండు మాటలలో రాసుకోండి. మార్కులు రాయకండి, మార్కులు రాస్తే ఎవరో ఒకరు ఆ పుస్తకాన్ని అడుగుతారు, అడిగితే సున్నలు తగ్గుతాయి.

ఈ పని జనవరిలోనే ఎందుకంటే, మూడో తరగతి పిల్లల విషయంలో తర్వాత సమయం ఉండదు. మూడో తరగతి ముగిసేనాటికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని, మౌలికమైన లెక్కలు చేయాలని 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026–27ను గడువుగా పెట్టుకుంది. గడువులు వస్తాయి, పోతాయి; కానీ నాలుగో తరగతి పుస్తకం చదవడం వచ్చిన పిల్లలకోసం రాసినదన్నది మాత్రం నిజం. చదవడం రాకుండా దానిలోకి అడుగుపెట్టిన పిల్లకు పరిసరాల విజ్ఞానం కూడా చదవని పాఠమే అవుతుంది.

ఒకే గదిలో ఐదు తరగతులు

ఇంతవరకు చెప్పినది తరగతికొక ఉపాధ్యాయుడు ఉన్న బడికి సులభం. ఒక్కరే ఉన్న బడిలో ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. అలాంటి బడికి ఈ రెండు వారాలు ఒక సౌకర్యం కూడా ఇస్తాయి: కొత్త పాఠాల ఒత్తిడి లేదు కనుక రోజుకొక గంట తరగతులను పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెట్టవచ్చు. అక్షరాల దగ్గర ఉన్నవారు ఒక గుంపు, పదాల దగ్గర ఉన్నవారు ఒకటి, పేరా చదవగలిగినవారు ఒకటి. ఐదో తరగతి వాడు రెండో తరగతి పిల్లతో పదాల గుంపులో కూర్చోవలసి వస్తే వాడికి చిన్నతనంగా ఉంటుంది. అందుకని గుంపులకు పక్షుల పేర్లో, కొండల పేర్లో పెట్టండి, తరగతి అంకె వినబడనీయకండి. వాడికి గుంపులో పదాల అట్టలు పంచే పనో, చిన్నవారికి లెక్క చెప్పే పనో అప్పగించండి. నేర్పే చేతికి సిగ్గు తక్కువ.

ఈ చిక్కును మనకు దగ్గరలోనే ఒకరు చాలా శ్రద్ధగా విప్పారు. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ విద్యావనరుల కేంద్రంవారు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకొక అట్ట తయారుచేసి, వాటిని ఒక నిచ్చెనగా అమర్చారు. ఏ పిల్ల ఏ మెట్టుమీద ఉందో ఆ పిల్లకే తెలుసు. అట్టమీది గుర్తును చూసి తన అట్టను తానే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులలోకి వెళ్లిన కృత్యాధార పద్ధతికి కూడా మూలం ఇదే. దానిలోని మేలు సెలవుల తర్వాత బాగా తెలుస్తుంది: నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు తరగతి ఎక్కడుందో వెతుక్కోడు, తాను ఆగిన మెట్టు నుంచే ఎక్కడం మొదలుపెడతాడు. ఆ అట్టలన్నీ మన దగ్గర ఉండకపోవచ్చు. పాత క్యాలెండర్ల వెనుక పక్కలను కోసి, గుణింతాలు, ఒత్తులు, తీసివేతలు ఈ మూడింటికి మాత్రం ఇరవై అట్టలు చేసుకున్నా రెండు వారాలు గడుస్తాయి. లెక్కలకు చింతగింజలు, పుల్లలు చాలు.

ఇంటివారితో

తల్లిదండ్రులను పిలిచి సమావేశం పెట్టడంకంటే, పిల్లను దింపడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర రెండు మాటలు చెప్పడం మేలు. మొదటిది నిద్ర. భోగినాడు తెల్లవారకముందే లేచి, తర్వాతి రాత్రులు టీవీ ముందో సెల్‌ఫోన్ ముందో మేలుకుని ఉన్న పిల్లలకు వేళ తప్పుతుంది. పలమనేరు, కుప్పం వైపు జనవరి చలిలో ఉదయం లేవడం మరీ కష్టం. రోజుకు పావుగంట చొప్పున పడుకునే వేళను ముందుకు జరపమని అడగండి. ఒక్కసారిగా రెండు గంటలు జరపాలంటే ఏ ఇంట్లోనూ జరగదు. ఒకటో తరగతి పిల్లలు కొందరు జూన్‌లో ఏడ్చినట్టే మళ్లీ ఏడుస్తారు. ‘నిన్న బాగానే ఉన్నావు కదా’ అని కోప్పడకుండా, ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తారో చెప్పి వెళ్లిపోమని తల్లికి చెప్పండి. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నంతసేపూ పిల్ల ఏడుపు ఆపదు.

రెండోది చదువు సంగతి. మన పిల్లల ఇళ్లలో చదువుకోని పెద్దలు చాలామంది ఉన్నారు, ‘మీ పిల్లచేత చదివించండి’ అంటే వారు సిగ్గుపడి ఊరుకుంటారు. దానికి బదులు, ఈరోజు బడిలో ఏం చెప్పారో అవ్వకు, తాతకు కథలా చెప్పమని పిల్లను అడగమనండి. వినేవారికి చదువు రానక్కరలేదు. విన్నది మళ్లీ తలలోంచి తీసి చెప్పడమే పిల్లకు సాధన. తిరుపతి పట్టణంలో తల్లిదండ్రులు హోటళ్లలో, ఆటోలలో, దుకాణాలలో వేళకాని వేళల్లో పనిచేసే ఇళ్లకు ఈ పద్ధతి మరీ సరిపోతుంది. అన్నం తినేటప్పుడు పది నిమిషాలు దొరికినా చాలు. మాఘశుద్ధ సప్తమినాటి రథసప్తమికి తిరుమలలో స్వామి ఒకే రోజున ఏడు వాహనాలపై ఊరేగుతారు కనుక ఆ వారంలో తిరుపతి ఇళ్లలో మళ్లీ హడావుడి ఉంటుంది. ఆ తేదీని ముందుగానే చూసుకుని, ముఖ్యమైన పరీక్షగానీ పాఠంగానీ దానిమీద పడకుండా జరుపుకోండి.

జనవరి 26 ముందున్న వారం

సెలవులు ముగిసిన వారంలోపే గణతంత్ర దినోత్సవం వస్తుంది. కవాతులు, నృత్యాలు, ప్రసంగాల సాధనలో మధ్యాహ్నాలన్నీ కరిగిపోయి, పిల్లలు పుస్తకం ముట్టకుండానే జనవరి గడిచిపోయిన సంవత్సరాలు నాకు గుర్తున్నాయి. వేడుక వద్దనడం లేదు. నృత్యానికి పదిమందిని ఎంచి ఇరవైమందిని ఊరికే కూర్చోబెట్టడమే తప్పు. ప్రతి పిల్లకూ చదవవలసిన ఒక వాక్యం ఇవ్వండి. పదాల దగ్గర ఉన్న పిల్లకు రెండు పదాల వాక్యం, పేరా చదవగలిగినవాడికి నాలుగు వాక్యాలు. కంఠతా పట్టించకుండా కాగితం చూసి చదవనివ్వండి. వారం రోజులు ఆ వాక్యాన్నే చదివి చదివి వేదికమీద తప్పులేకుండా పలికిన పిల్లకు చదవడమంటే భయం పోతుంది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది, ఈ ఏడాదికి ఎన్నేళ్లయింది అన్న తీసివేతను ఐదో తరగతివారిచేత చేయించండి. అప్పు తెచ్చుకోవడం మరిచినవారికి అదీ ఒక సాధనే.

కొత్త పాఠం ఎప్పుడు

రెండో వారం మధ్యలో మొదలుపెట్టవచ్చు. హాజరు నిలకడగా వచ్చి, నోటుపుస్తకంలో టిక్కులన్నీ తేలిన తర్వాత ఆగవలసిన పని లేదు. సున్నలున్న పిల్లల కోసం తరగతి మొత్తాన్ని ఆపడం కూడా సరికాదు. వారికోసం స్థాయిని బట్టి కూర్చోబెట్టే ఆ గంట అలాగే నడుస్తుంది. కొత్త పాఠానికి ముందు ప్రతి ఉదయం పది నిమిషాలు పుస్తకాలు మూయించి, పాతవాటిలోంచి మూడు ప్రశ్నలు అడగండి: ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారంది, ఒకటి దసరాకు ముందుది. చేయెత్తిన వారినే కాక అందరినీ పలకమీద రాసి పైకెత్తమంటే, ఒక్క చూపులో తరగతి మొత్తం కనిపిస్తుంది. పాఠాన్ని మళ్లీ చదివించడంకంటే, గుర్తుతెచ్చుకుని రాయడం పిల్లల మనసులో గట్టిగా నిలుస్తుంది.

రెండు వారాల తర్వాత వచ్చే పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఎక్కువగా పనికోసం వలసవెళ్లిన ఇళ్లవారు. వారు వచ్చిన రోజున వారికోసం ఇదే క్రమాన్ని కుదించి నడపాలి: ఒక పూట మాటలు, మర్నాడు ఐదు నిమిషాల పరీక్ష, మూడు రోజులాగి మళ్లీ. ఆ పిల్ల పక్కన అదే ఊరి పిల్లను, అదే గుంపు పిల్లను కూర్చోబెట్టండి. ఫిబ్రవరి మొదటి వారంలో నోటుపుస్తకం తీసి, సున్న చుట్టిన పేర్లను మాత్రమే మళ్లీ ఒక్కొక్కరిగా పిలిచి, 52 – 27 బదులు 63 – 38 ఇచ్చి చూడండి. ఎవరు పుల్లల కట్ట కోసం చేయి చాచారో, ఎవరు చాచకుండానే రాశారో పేరుకెదురుగా తేదీతో రాసుకోండి.